సోడా మాన్పించిన టీచరమ్మ

అమ్మ మంచం పక్కన వేలాడుతున్న సెలైన్ సీసా మీద అక్షరాలు టీచరమ్మ ఒకటికి రెండుసార్లు చదివింది. సోడియం బైకార్బొనేట్. అంటే వంటసోడా. ఆమధ్య తన చేతులతో సింకులో పారబోసిందే, ఇప్పుడు బొట్టు బొట్టుగా అమ్మ నరంలోకి ఎక్కుతోంది.

ఏడుపొస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. కాళ్లూ చేతులూ ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టున్నాయి. పక్క మంచం వాళ్లు పలకరిస్తే బదులు చెప్పింది గానీ, ఏం చెప్పిందో మరుక్షణం గుర్తులేదు.

ఆమెని అసలు పేరుతో ఇంట్లో ఎవరూ పిలవరు. చిన్నప్పుడు గోడని కూర్చోబెట్టుకుని పాఠాలు చెప్పేదట. పెద్దయ్యాక నిజంగానే కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే ఉద్యోగం రావడంతో టీచరమ్మ అన్న పేరు స్థిరపడిపోయింది. కాలేజీలో చెప్పింది చాలదన్నట్టు ఇంటికొచ్చి కూడా చెప్తుంది. అదే కొంప ముంచింది.

అమ్మకి కీళ్లవాతం. ఎప్పుడో పాత డాక్టరు రాసిచ్చిన ఆస్పిరిన్, తలనొప్పికి మనం వేసుకునేదానికి ఎన్నో రెట్లు, పూటపూటా మింగుతుంది. కడుపులో మంట పుడుతుందని, మాత్ర వేసుకున్నాక గ్లాసుడు నీళ్లలో చెంచాడు వంటసోడా కలుపుకుని తాగేది. తాగి, ఇల్లు అదిరిపోయేలా త్రేన్చి, "ఇప్పుడు ప్రాణం లేచొచ్చింది" అనేది. ఈమధ్య బీపీ పెరిగేసరికి టీచరమ్మ అగ్గి మీద గుగ్గిలమైంది.

"అది ఉప్పుతో సమానమమ్మా. నీ బీపీకి అది విషం" అని డబ్బా ఖాళీ చేసేసింది. అమ్మ కాసేపు నసిగింది. అయినా చదువుకున్న కూతురి మాట కదా, సరేనంది.

కొన్నాళ్లకి అమ్మ "ఎవరో గంట కొడుతున్నారు, తలుపు తియ్యవే" అనడం మొదలుపెట్టింది. తీస్తే ఎవరూ లేరు. తర్వాత టీవీ వీధిలోకి వినపడేంత సౌండు పెట్టుకుంది. తర్వాత కూర్చున్నచోటే ఆయాసపడింది. వయసైపోతోందిలే అనుకున్నారు. నిన్న మధ్యాహ్నం, తనకి నాలుగేళ్లుగా స్నానం చేయించి జడ వేస్తున్న ఆయాని పట్టుకుని "నువ్వెవరు?" అంది. అప్పుడు ఆసుపత్రికి పరుగెత్తారు.

సీసా చూస్తున్నకొద్దీ టీచరమ్మకి పాఠం వరసగా గుర్తొచ్చింది. ఆస్పిరిన్ ఒంట్లోకి వెళ్లాక మిగిలేది ఒక ఆమ్లం. మూత్రంలో పులుపు ఎక్కువుంటే ఆ ఆమ్లం తన హైడ్రోజన్‌ని వదలదు. ఏ విద్యుదావేశమూ లేకుండా కిడ్నీ గోడలోంచి జారి మళ్లీ రక్తంలో కలిసిపోతుంది. మూత్రం క్షారమైతే హైడ్రోజన్‌ని వదిలేసి ఆవేశం తెచ్చుకుంటుంది. ఆవేశం ఉన్నది గోడ దాటడం కష్టం, అందుకని బయటికి పోతుంది. అంటే అమ్మ ఇన్నేళ్లుగా తాగిన ఆ చెంచాడు సోడానే మందుని ఎప్పటికప్పుడు బయటికి తోలుతూ వచ్చింది. ఏటా బోర్డు మీద బాణాలు గీసి మరీ చెప్పే సంగతి ఇది. సింకు దగ్గర మాత్రం బుర్రకి తట్టలేదు.

డాక్టరమ్మ రౌండ్స్‌కి వచ్చినప్పుడు తమ్ముడూ, ఫ్లాస్కు పట్టుకుని ఆయా కూడా అక్కడే ఉన్నారు.

"ఒంట్లో ఆస్పిరిన్ బాగా పేరుకుపోయింది. చెవుల్లో మోత, ఆయాసం, మనిషిని గుర్తుపట్టకపోవడం అన్నీ దానివల్లే. కిడ్నీలు బాగానే ఉన్నాయి. మరి మాత్రలేమైనా ఎక్కువ పడ్డాయా? లేకపోతే ఇంకేదైనా కొత్తగా మొదలుపెట్టడం, మానెయ్యడం..."

ఆవిడ మాట పూర్తి కాకముందే తమ్ముడు ఆయా వైపు తిరిగాడు. "మాత్రలిచ్చేది నువ్వేగా. ఫోను చూసుకుంటూ రెండేసిసార్లు ఇచ్చుంటావు."

"లేదు బాబూ. డబ్బాలో అక్క సర్దిపెట్టినవే ఇచ్చాను."

"చాల్లే. ఇంక నువ్వు రానక్కర్లేదు."

ఆయా టీచరమ్మ మొహంలోకి చూసింది. మాత్రలు సరిగ్గానే పడ్డాయని టీచరమ్మకి తెలుసు. ఒక్క మాట చాలు. టీచరమ్మ సీసాలో పడుతున్న బొట్లు లెక్కపెడుతూ నిలబడింది. సిగ్గు లేదు, భయమూ లేదు, ఏదీ లేదు. తేలు కుట్టిన దొంగకైనా నొప్పంటూ ఉంటుంది. ఆయా ఫ్లాస్కు బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

ఆ రోజంతా నర్సు వచ్చి గొట్టంలోంచి మూత్రం తీసి కాగితంముక్క ముంచడం, రంగు చూడడం. పసుపు పోయి ఆకుపచ్చలోకి తిరిగిందని, అంటే మూత్రం క్షారమై మందు బయటికి పోతోందని టీచరమ్మ దూరం నుంచే పోల్చుకుంది. మర్నాడు పొద్దెక్కాక అమ్మ కళ్లు తెరిచి, వార్డంతా ఒకసారి చూసింది.

"ఆయా ఏదే?"

టీచరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "అమ్మా, సోడా మాన్పించాను కదా. దానివల్లే ఇదంతా" అంది మెల్లగా.

"గొణక్కే. చెవుల్లో ఒకటే రొద. ఏంటి?"

మళ్లీ చెప్పింది. వినపడలేదన్నట్టు అమ్మ తల అడ్డంగా ఊపింది. తమ్ముడు టీ పట్టుకుని లోపలికి వచ్చాడు. పక్క మంచం వాళ్లు ఇటే చూస్తున్నారు. టీచరమ్మ లేచి నిలబడి, క్లాసులో ఆఖరి బెంచీకి వినపడేలా చెప్పినట్టే చెప్పింది.

"నీ ప్రాణం మీదికి తెచ్చింది నేను. సోడా మాన్పించబట్టే మందు ఒంట్లో ఉండిపోయింది. ఆయా తప్పేం లేదు. తమ్ముడు ఆవిణ్ణి వెళ్లగొడుతుంటే, తెలిసుండి నోరు మూసుకున్నాను."

వార్డు వార్డంతా విన్నది. టీచరమ్మకి సిగ్గుతో ఒళ్లంతా మండిపోయి, నిన్నటి నుంచి రాని ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

అమ్మ ఆ ఏడుపు చాలాసేపు చూసింది. ఊరుకోమని అనలేదు.

"చెవులు పోయింది నాకు. ఆయాకి బాగానే వినపడుతుంది" అంది. "వెళ్లి దానికి చెప్పు. అక్కడ అరవక్కర్లేదు."

టీచరమ్మ కళ్లు తుడుచుకుని, మంచం కింద చెప్పుల కోసం వంగింది.