గీత బయట ముళ్ళు

మైదానం కుడి అంచున సున్నం గీత పోసుకుంటూ వెనక్కి నడుస్తున్న బాబు మియా మడమలో తుమ్మముల్లు దిగింది. వంగి చూస్తే ఒకటి కాదు, పది బారల మేర మొనలు పైకి పెట్టి ఎవరో ముళ్ళు నాటారు.

గీత లోపల ఒక్కటీ లేదు, అన్నీ బయటే. రోజూ అతను గీత లోపలే నడిచేవాడు. ఇవాళ ఎండ కంట్లో పొడుస్తోందని బయటికి జరిగాడు. జరగకపోతే సాయంత్రం వనపర్తితో ఆట దాకా ఎవరికీ తెలిసేది కాదు.

ముల్లు పీక్కుని కూర్చున్న మియాకు అవి ఎవరికోసమో అర్థమైంది. గీత బయటినుంచి ఉరికే మనిషి గద్వాల మొత్తం మీద ఒక్కడే, జమ్మన్న.

జమ్మన్నది ఇటిక్యాల. మేకలు కాసుకునే పిల్లగాడి పరుగు చూసి కోటలోకి తెచ్చారు. పేరుకు గుర్రాల సాలలో కొలువు. చేసేదల్లా కోట జట్టులో కుడి అంచున బంతాట, జీతమూ అందుకే. బంతిని ఎదుటివాడికి ఒక పక్కనుంచి తన్ని, తను రెండో పక్కనుంచి, గీత దాటి ఉరికి, వాడి వెనక మళ్ళీ బంతిని అందుకునేవాడు. ఆ ఒక్క ఎత్తు చూడటానికి నాగర్‌కర్నూల్ నుంచి జనం బండ్లు కట్టుకుని వచ్చేవారు. ఒకసారి హైదరాబాదు జట్టువాళ్ళు పిలుచుకుపోయి కాళ్ళకు బూట్లు తొడిగారు. పెళ్ళానికి చెప్పులు కొనుక్కుని తిరిగి వచ్చేశాడు. "బురదల దిగినట్టుంది మియా, మల్లెట్ల ఉరుకుదు" అన్నాడు. అతను ఉరికింది ఎప్పుడూ వట్టి కాళ్ళతోనే.

అందుకే ఈ ముళ్ళు.

మియా పరుగున పోయి జమేదారు శంకరయ్యకు చెప్పాడు. జట్టు మంచిచెడ్డలన్నీ చూసేది ఆయనే. ఆయన వచ్చి, మీసం కొరుక్కుంటూ చూసి, అన్నీ ఏరెయ్యమన్నాడు. ఎవరి చెవినా వెయ్యొద్దన్నాడు, జమ్మన్నకైతే అసలే వద్దు, భయంతో కాలు ముడుచుకుంటాడు. పోతూ పోతూ మియా వైపు తిరిగాడు.

"రాత్రిపూట మైదానం తాళంచెవి ఉండేది నీ మొలకే గద. ఆట అయ్యేలోపల దొంగను జూపియ్యి. లేకుంటే నువ్వే అనుకుంట."

కొలువు పోతే కోట గోడకు ఆనుకున్న ఒంటి గదీ పోతుంది. మియా ఒక్కొక్క ముల్లే ఏరాడు. అన్నం తెచ్చిన పెళ్ళాం తాజ్‌బీ సంగతి విని, ఇందులో ఆలోచించేదేముంది, ఎల్లయ్యే అని తేల్చేసింది. జమ్మన్నకు ఏమైనా అయితే ఆ చోట ఆడాల్సినవాడు ఎల్లయ్య. మూడేళ్ళుగా గట్టు మీద కూర్చుని నీళ్ళ చెంబులు అందిస్తున్నాడు.

"కూసోని కూసోని వానికి కాళ్ళకు వేర్లొచ్చినయి. ఇంక ముండ్లు రావా?" అంది.

మియాకు ముందురోజే దిగిన వనపర్తి జట్టు మీద కూడా అనుమానం కలిగింది. కానీ మైదానం చుట్టూ దడి ఉంది, వాళ్ళకు దారి తెలియదు. పొద్దు వాలినప్పటినుంచి అతను ఎల్లయ్యను కంటితో వెంటాడాడు. ఆటకు ముందు ఒళ్ళు వేడెక్కించుకోవడానికి జట్టు బయటికి వచ్చింది. ఎల్లయ్య నేరుగా వెళ్ళి ఆ కుడి గీత బయటే, ముళ్ళు ఉన్నచోటే, ఎగిరెగిరి దూకాడు. కిందికి ఒక్కసారైనా చూడలేదు. నాటినవాడు అక్కడ అలా దూకడు.

మియా మెడ తిప్పాడు. పద్నాలుగేళ్ళుగా ఆటకు ముందు ఆ గీతకే మొక్కి అక్కడే ఉరికే జమ్మన్న, ఇవాళ మైదానానికి అవతలి అంచున ఒంటరిగా ఉరుకుతున్నాడు.

ఎవరో చెప్పేశారనుకున్నాడు మొదట. జమేదారు చెప్పడు, తాజ్‌బీ అన్నం ఇచ్చి పోయాక గది దాటలేదు. మరి జమ్మన్నకు ఎట్లా తెలిసింది?

మొదటి సగం జమ్మన్న అవతలి గీత మీద ఆడాడు, ఆడాడని పేరు. బంతి వస్తే పక్కవాడికి ఇచ్చేశాడు. జట్లు గోలు పక్కలు మార్చుకున్నాక ఈ గీతకు వచ్చాడు. వనపర్తి గోలుకు ముందు కాపు కాసే బ్యాకు ఇబ్రహీం, మీసాలు కూడా సరిగా మొలవని కుర్రవాడు, ఎదురు నిలిచాడు. జమ్మన్న బంతిని వాడి కుడినుంచి తన్ని, తను గీత దాటి బయటికి ఉరికాడు. జనం లేచి నిలబడ్డారు. ముళ్ళున్నచోటికి రాగానే కుడికాలు ఎత్తి, మడమతో బలంగా నేలను తొక్కాడు.

ఏమీ కాలేదు.

ఆగిపోయి కిందికి చూశాడు. పాదంతో మట్టిని కెలికాడు. తర్వాత తల ఎత్తి, సున్నం డబ్బా పక్కన నిలబడ్డ మియాను చూశాడు. అప్పటికి బంతి ఎటో పోయింది.

ఆ తర్వాత మూడుసార్లు అదే ఎత్తు వేశాడు. మూడుసార్లూ ఇబ్రహీం తాపీగా తిరిగి, అతనికంటే ముందే బంతిని చేరుకున్నాడు. మూడోసారి గట్టు మీద ఎవరో నవ్వారు. నవ్వు పాకింది. గద్వాల ఒక గోలుతో ఓడింది.

నీళ్ళ కుండల దగ్గర, జట్టంతా చూస్తుండగా, జమేదారు మియాను పిలిచాడు. పొద్దున ముళ్ళు దొరికిన సంగతి అందరి ముందూ పెట్టి, దొంగ ఎవరన్నాడు. మియా జమ్మన్న వైపు చూడలేదు.

"నాకు తెల్వదు సాబ్."

"అయితే తాళంచెవి ఇటియ్యి."

మియా మొలతాడు ముడి విప్పసాగాడు. ముడి ఒక పట్టాన రాలేదు. కాళ్ళు కడుక్కుంటున్న జమ్మన్న చెంబు కింద పెట్టి లేచాడు.

"మియాను ఇడిసిపెట్టున్రి, జమేదారు. ముండ్లు నేనే నాటిన. నిన్న రాత్రి దడి ఎగిరి దుంకి వచ్చిన, గా దుంకుడుకే మోకాలు వాచింది. ఏడాదిసంది నా కాళ్ళు నా మాట ఇంటలేవు. ఇయ్యాల గందరి ముందల ముల్లు దిగి పడిపోతే, జమ్మన్నను ముండ్లు నాటి ఆపిండ్రు అనుకుంటరు గద, గట్ల పోదామనుకున్న. మియా ఏరేసిండు, మంచిగ జేసిండు, ఆయన పని ఆయన జేసిండు. రేపటిసంది గా గీత మీద ఎల్లయ్యను ఉరికియ్యున్రి. వాడు నాకంటె మంచిగ ఉరుకుతడు. నాకు ఎప్పుడో తెల్సు, నేనే చెప్పలే."