పొడుగోడి బూటు

మా అన్నయ్య నలుగురిలో నన్ను "కాళ్ళ సార్జెంటు" అని పిలుస్తాడు. పిలిచి ఊరుకోడు. "ముప్ఫై మంది కాళ్ళు చూశాడు గానీ తన కాళ్ళ కింద నేల చూసుకోలేకపోయాడు మావాడు" అని చేతిలో టీ ఒలికేదాకా నవ్వుతాడు. నాకు రావలసిన నేలలోనే నాలుగు షాపులు కట్టించి, వాటి ముందు కుర్చీ వేసుకుని మరీ నవ్వుతాడు. ఒళ్ళు మండుతుంది. జరిగింది నేను చెబుతాను, ఆయన చెప్పే తీరు వేరు.

చిన్నప్పుడే బడి మానేసి బస్తాలు మోసి, ఈడు రాగానే సైన్యంలో చేరాను. చివరికి సార్జెంటునై ముప్ఫై మంది ఉన్న ఒక ప్లాటూనుకి పెద్దనయ్యాను. మా కెప్టెన్ పరేడులో కర్తవ్యం, గౌరవం, సేవ అంటూ ఎండలో నిలబెట్టి ఉపన్యాసం దంచేవాడు. నాకు తెలిసిన సేవ మాత్రం కంపు కొట్టేది. దూరం నడిచొచ్చిన రోజు అందరూ బెంచీల మీద కూర్చుని బూట్లు, సాక్సులు విప్పాలి. ప్లాటూను పెద్ద కింద కూర్చుని ఒక్కొక్కడి పాదం ఒళ్ళో పెట్టుకుని చూడాలి. వేళ్ళ సందుల్లోకి టార్చి వెయ్యాలి, మడమ నొక్కాలి. అది పూర్తయ్యేదాకా ఎవరూ కదలకూడదు, పెద్దతో సహా.

అలాంటి ఒక రోజే మధ్యాహ్నం నాన్న ఫోన్ చేశాడు.

"రేపు పొద్దున నేల మీ ఇద్దరి పేర్ల మీదా రాసేస్తున్నా. రోడ్డు పక్కది నీకే అనుకున్నా. కానీ నువ్వు నా ఎదురుగా ఉండాలి. ఈసారీ రాకపోతే నీకు అక్కర్లేదనుకుంటా."

ఆయన మాట అంటే మాటే. అంతకుముందు వస్తానని చెప్పి వెళ్ళలేకపోయానాయె. కెప్టెన్ సెలవిచ్చాడు. సాయంత్రం రైలు. స్టేషన్‌కి దింపడానికి క్యాంపులో ఉన్నది ఒకే ఒక్క ట్రక్కు.

సంచి సర్దుకుని కాళ్ళ దగ్గర కూర్చున్నాను. "మా ఆవిడ నా మొహం కూడా ఇంత శ్రద్ధగా చూడదు సార్" అన్నాడొకడు. "నీ మొహం కంటే మడమే నయం రా" అన్నాను. అందరూ గొల్లుమన్నారు. చివర్న కూర్చున్న పొడుగోడు మాత్రం నవ్వలేదు. బూట్లూ విప్పలేదు.

"నాకేం లేదు సార్. మీరు బయల్దేరండి, రైలు పోతుంది."

"విప్పు."

"మీ నాన్నగారి పని సార్..."

"మా నాన్న సంగతి నేను చూసుకుంటా. ముందు నువ్వు విప్పు."

వచ్చే వారం వాడికి ప్రమోషన్ పరీక్ష. కాలు బాగోలేదని రాస్తే పరీక్ష పోయినట్టే. అదీ వాడి భయం. సాక్సు చర్మానికి అతుక్కుపోయింది, కత్తెరతో కోశాను. మడమ పచ్చిపుండు. అక్కణ్ణించి ఎర్రటి చార ఒకటి పిక్క మీదికి పాకుతోంది. ఒళ్ళు కాలిపోతోంది. చార ఆగిన చోట పెన్నుతో చుక్క పెట్టి, వేణ్ణీళ్ళతో పుండు కడిగి కట్టు కట్టాను. ట్రక్కు వచ్చేసరికి చార చుక్కని దాటి మోకాలి వైపు పోయింది.

డ్రైవర్ తల బయటపెట్టాడు. "సార్జెంటుగారూ, ముందు మిమ్మల్ని స్టేషన్‌లో దింపి, వెనక్కొచ్చి వీణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్తా. ఎంతసేపు సార్?"

స్టేషన్ ఒకవైపు, ఆసుపత్రి ఇంకోవైపు. నిజం చెప్తున్నా, ఎక్కుదామనే నా సంచి చేతిలోకి తీసుకున్నాను. రోడ్డు పక్క నేల కళ్ళముందు కదిలింది. పొడుగోడు కూడా "ఎక్కండి సార్, నేనాగుతా" అంటున్నాడు. ఆగగలిగేవాడైతే వాడి పళ్ళు అలా టకటకలాడవు.

"ఆసుపత్రికి పోనీ" అన్నాను. సంచి వాడి తల కింద పెట్టాను.

ఇంకాస్త తాత్సారం చేసి ఉంటే కాలు దక్కేది కాదని డాక్టర్ చెప్పాడు. అక్కడి ఫోన్ నుంచే ఇంటికి చేశాను. నాన్న వినలేదు. మర్నాడు మళ్ళీ చేస్తే అన్నయ్య ఎత్తాడు. "సంతకాలైపోయాయి రా తమ్ముడూ. వెనకాల రాళ్ళ దిబ్బ నీకు. ఎవరి కాలో పట్టుకుని కూర్చున్నావంటగా!"

పొడుగోడికి ఆ ఏడు ప్రమోషన్ పోయింది. చాన్నాళ్ళు నాతో ముభావంగానే ఉన్నాడు. నేనూ బతిమాలలేదు.

మొన్న వాడే కబురు పెట్టి పిలిపించుకున్నాడు. ఇప్పుడు వాడూ సార్జెంటే. నేను వెళ్ళేసరికి బ్యారక్ వరండాలో అంత పొడుగు మనిషీ కింద చతికిలబడి ఎవడిదో పాదం ఒళ్ళో పెట్టుకున్నాడు. "నా వంక చూసి నవ్వకు, నీ మడమ చూపించు" అని గదమాయిస్తున్నాడు. ఆ గదమాయింపు గొంతుతో సహా నాదే. పక్కన బెంచీ మీద కూర్చున్నాను. అక్కడి కంపు నాకు హాయిగా అనిపించింది, ఏం చెప్పను.

పని పూర్తయ్యాక చేతులు కడుక్కుని వచ్చాడు.

"సార్, ఆ రోడ్డు పక్క నేల ఎంత? నేనెప్పుడూ అడగలేదు."

"ఇప్పుడెందుకురా అది?"

"ఈ కాళ్ళు చూడ్డం ఎందుకని మావాళ్ళు విసుక్కుంటారు సార్. నా కాలు కోసం మీరేం వదులుకున్నారో వాళ్ళకి చెప్పాలి. కాకిలెక్క కాదు, ఉన్నదున్నట్టు చెప్పాలి."

"నలభై రెండు సెంట్లు" అన్నాను.