వంతెన వంపు

పాత వంతెన చూడవచ్చేవాళ్ళకి దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పడం ఆవిడ ఉద్యోగం. ఊరంతా ఆవిడని వంతెనక్కయ్య అంటారు. ఆ రోజు కాబోయే వియ్యపురాలు వంతెన చూస్తానంటే, పూజ ముగించుకుని ఉత్సాహంగా వెంటబెట్టుకొచ్చింది.

"ఈ రాతి కమానులు చూశారా వదినగారూ? ఒకదాని బరువు ఇంకొకటి కాస్తుంది. ఒక్కటి తీసేస్తే పక్కది నిలవదు."

నడిమధ్యన వంతెన తిన్నగా పోకుండా పక్కకి తిరుగుతుంది. వంతెనక్కయ్య అక్కడ ఆగి, ఎప్పటిలాగే గొంతు సవరించుకుంది.

"కట్టిన పెద్ద మేస్త్రీ తిన్నగానే మొదలెట్టాడట. ఇక్కడికొచ్చేసరికి రెండు చుక్కలు పడ్డాయి. ఆయనెటు తూలితే వంతెనా అటే తూలింది."

ఇక్కడ జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు. వియ్యపురాలు నవ్వలేదు. కొంగు భుజం నిండా కప్పుకుని పిట్టగోడ మీంచి కిందకి చూసింది.

"ఆయన మా ముత్తాత. చుక్క ముట్టి ఎరగరు వదినగారూ. అదుగో, ఏట్లో నల్లటి బండ. అది ఎటు తిరిగితే స్తంభాల్ని అటు తిప్పారు. తిన్నగా కట్టుంటే ఇసకలో కూరుకుపోయేది."

వంతెనక్కయ్యకి తల కొట్టేసినట్టయింది. నీళ్ళు తగ్గినప్పుడల్లా ఆ బండని చూస్తూనే ఉంది. వంపు కిందే ఎందుకుందని ఒక్కనాడూ అనుకోలేదు. తాగుడు కథ ఎవరూ చెప్పింది కాదు, తనే అల్లింది. నవ్వించే మాట నోట్లో ఉండగా నిజం వెతుక్కునే ఓపిక తనకెక్కడిది?

అంతలో బస్సొచ్చి ఆగింది. కండక్టరు తల బయటపెట్టి స్టాపు పేరు కేకేశాడు. "తాగుబోతు వంపు, తాగుబోతు వంపు. ఏం అక్కా, మన కథ చెప్పేశావా?"

వియ్యపురాలు బస్సువైపు ఓసారి, ఆవిడవైపు ఓసారి చూసింది.

"ఇంటికెళ్ళి దేవుడి ముందు లెంపలేసుకుంటాను వదినగారూ," అంది వంతెనక్కయ్య.

"దేవుణ్ణి మీరేమీ అనలేదుగా." ఆ గొంతులో కోపం లేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది. "పెళ్ళి మాటకేం ఢోకా లేదు లెండి. కానీ పెళ్ళికి మా నాన్నొస్తారు. వాళ్ళ తాత కట్టిన వంతెన మీద బస్సులో వెళ్ళాలని ఆయనకి ఎన్నాళ్ళ కోరికో."

ఆ రాత్రి దీపం ముందు కూర్చుంటే వంతెనక్కయ్యకి దండం పెట్టడానికి చేతులు లేవలేదు. మాట పడ్డది ఒకరైతే క్షమించమని ఇంకొకరిని అడగడం ఏం న్యాయం?

మర్నాడు వంపు దగ్గర జనానికి బండ చూపించి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అందరూ నవ్వు కోసం ఎదురుచూశారు.

"తాగుడు కథేది అక్కా? దానికోసమే వచ్చాం."

"అది అబద్ధం. నేనే అల్లాను."

అదీ హాస్యమే అనుకుని జనం గొల్లున నవ్వారు. వెనక బస్సాగింది, కండక్టరు మళ్ళీ అదే పేరు కేకేశాడు. ఆవిడ తలొంచుకుని బస్సు మెట్టెక్కింది.

"ఇది మేస్త్రీ వంపు నాయనా. అలా పిలువు. ఎందుకో మీ అందరికీ చెప్పే దిగుతాను."