రెండో అంకంలో లేని మాట

ఊళ్లో నాటక సమాజం ఆడే నాటకంలో హీరో ఒక ముదురు బెండకాయ బ్రహ్మచారి. ఊహల్లోని సుందరిని ప్రేమిస్తూ, ఎదురుగా ఉన్న మనిషిని చూడడు. ఇరవై రెండేళ్లుగా ఆ వేషం వేస్తున్నది పోస్టాఫీసు గుమాస్తా. స్టాంపులు కొనడానికి వచ్చినవాళ్లు కూడా ఆయన్ని హీరోగారనే పిలిచేవారు. నిజంగానూ ఆయన బ్రహ్మచారే. ఒక్కటే చిక్కు, ఆయనకు డైలాగులు గుర్తుండవు. తెర పక్కన స్టూలు మీద కూర్చుని లెక్కల టీచరమ్మ ప్రతి మాటా గుసగుసగా అందించేది. భర్త పోయాక సాయంత్రాలు తోచక నాటక సమాజంలో చేరిన మనిషి ఆవిడ.

ఆ నాటకాన్ని సినిమాగా తీస్తానని ఒక కుర్ర దర్శకుడు వచ్చాడు. హీరోగారు చాలు, టీచరమ్మ అక్కర్లేదన్నాడు. డైలాగు తప్పితే మళ్లీ తీసుకోవచ్చట.

మళ్లీ మళ్లీ తీశారు. ప్రేమను ఒప్పుకునే సీనులో పదిహేడుసార్లు హీరోగారు నోరు తెరిచి అలాగే నిలబడిపోయారు. కథానాయిక ఆవులించింది. చివరికి ఆయన దర్శకుణ్ణి పక్కకు పిలిచి, టీచరమ్మ లేకపోతే తన వల్ల కాదని చెప్పేశారు. బడికి కారు వెళ్లింది. ఆవిడ వేళ్లకు సుద్దపొడితోనే వచ్చి కెమెరా కింద కూర్చుని గుసగుస మొదలుపెట్టగానే ఆయన గడగడా చెప్పేశారు. దర్శకుడు కళ్లు తుడుచుకున్నాడు.

సినిమా చూసి అందరూ హీరోగారి చూపులో ప్రేమ పొంగిందన్నారు. ఆ చూపు ఎటు పోయిందో టీచరమ్మకు తెలుసు. హాలు మెట్ల దగ్గర నేరుగా అడిగేసింది.

"మీరు చూసింది నన్నా, డైలాగునా?"

ఆయన గొంతు సవరించుకున్నారు. "మీరు లేని చోట నాకు ఊపిరాడదు."

"అది రెండో అంకంలోది."

ఆయన ఇంకొకటి ఎత్తుకున్నారు. అది మూడో అంకంలోది. ఆ తర్వాత బిక్కమొహం వేశారు.

"నిజం చెప్పమంటారా? దగ్గరికొస్తే మీ మొహం నాకు మసకండీ. చత్వారం. హీరోకి కళ్లజోడేంటని ఇన్నాళ్లూ పెట్టుకోలేదు. రేపు చూపించుకుంటాను, తోడొస్తారా?"

మా ఉత్తరాలు పక్కింటికి పోతున్నది అందుకేనా అని దెప్పింది గానీ, బడి అయ్యాక వస్తానంది.

కళ్లద్దాల దుకాణంలో పరీక్ష అద్దాలు కుదరగానే ఆయన అక్షరాలు చదవడం ఆపి, ఆవిడ వైపు తిరిగి చాలాసేపు చూశారు.

"మీకు ఇంత నెరిసిందా?"

ఆవిడ ఆయన్ని అద్దం వైపు తిప్పింది. తన ముడతలు చూసుకుని ఆయనకు నవ్వాగలేదు. మీ ఆయన కళ్లజోడు గురువారానికి సిద్ధమవుతుందని దుకాణదారు ఆవిడతో చెప్పాడు. ఇద్దరిలో ఎవరూ సరిదిద్దలేదు. గురువారం కూడా కలిసే వెళ్లారు.