వెనక బెంచీ వీధిలోకి సాగిన ఆదివారం

ఆదివారం పొద్దున్నే అందరికంటే ముందు చర్చికి వచ్చేది నర్సమ్మే. ఆసుపత్రిలో ఎముకల వార్డు డ్యూటీ దిగి, ఇంటికెళ్ళి మొహం కడుక్కుని, తడిగుడ్డతో వచ్చి బెంచీలన్నీ తుడిచేది. అన్నిటికంటే వెనకున్న బెంచీ దగ్గరే ఆలస్యమయ్యేది. అది సాగేది. కూర్చోవాల్సిన మనిషి ఎవరైనా దారిలో ఉన్నారంటే, వాళ్ళు గుమ్మం ఎక్కేలోపే కాస్త పెరిగి చోటు చేసేది. వాళ్ళు వెళ్ళిపోయాక మళ్ళీ సర్దుకునేది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్ళు కాదు. దానికి కుట్టించిన గుడ్డ ఏ వారమూ సరిపోవడం లేదని మాత్రం ఆడవాళ్ళు విసుక్కునేవాళ్ళు.

నర్సమ్మకు ఒక్కడే తమ్ముడు. వెల్డింగ్ పని చేసేవాడు. చేతిలో మంచి పనితనం, ఒంట్లో పాడు తాగుడు, రెండూ ఒకే మోటారు సైకిలు మీద తిరిగేవి. బండి మీంచి పడ్డవాళ్ళ కాళ్ళకు వార్డులో బరువులు కట్టేటప్పుడల్లా ఆమెకు తమ్ముడి మోకాళ్ళే కనిపించేవి. తిట్టింది, ఏడ్చింది, బండి తాళం కుట్టుమిషను డ్రాయరులో దాచింది. వాడు వైర్లు కలిపి స్టార్టు చేసుకుని పోయాడు.

ఒక సాయంత్రం ఆమె బట్టలు ఆరేస్తుంటే, వీధి మలుపులో వరసగా మోటారు సైకిళ్ళు కనిపించాయి. చప్పుడు లేదు. ఒక్కరూ బండెక్కలేదు. తలకు హెల్మెట్లు, ఒళ్ళంతా చెమట, అందరూ బండ్లు తోసుకుంటూ వస్తున్నారు. మధ్యలో తమ్ముడు ఖాళీ చేతులతో, తల వేలాడేసుకుని నడుస్తున్నాడు. వాడి బండిని ఒక ముసలాయన తోస్తున్నాడు.

"అందరికీ ఒకేసారి పెట్రోలు అయిపోయిందా?" అంది నర్సమ్మ.

ముందు నడుస్తున్న ఆడమనిషి హెల్మెట్ తీసింది. ఊరంతా పార్సిళ్ళు పంచే మనిషి. తమ్ముడు ఈమధ్య తిరుగుతున్న బండ్ల గుంపులో అందరూ ఆమెను పార్సిల్ అక్క అంటారు. "మీ తమ్ముడు తాగాడమ్మా. మాలో ఒకడు తాగితే అందరం నడుస్తాం. అదే మా లెక్క."

"వాడు తాగితే మీకెందుకు శిక్ష?"

"తిట్లు వాడికి అలవాటే. మా దారిన మేం పోతే వాడికి ఇంకా హాయి. పక్కనే నడిస్తే ఒంటికి పడుతుంది."

ఆ రాత్రి తమ్ముడు అన్నం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు. "నాలుగు తిట్టినా బాగుండేదక్కా. ఆ ముసలి మెకానిక్కుకి మోకాళ్ళ నొప్పులు. కుంటుకుంటూ ఇంతదూరం నా బండి తోశాడు. ఒక్క మాట అనలేదు."

తర్వాత ఇంకో రెండుసార్లు నడిచారు. ఆపైన నడవాల్సిన పని పడలేదు. నర్సమ్మ డ్రాయరులోంచి తాళం తీసి వాడికి ఇచ్చేసింది. సాయంత్రాలు బండి చప్పుడు సవ్యంగా వచ్చి గుమ్మం ముందు ఆగేది. నర్సమ్మ ఆ చప్పుడు వినబడేదాకా పొయ్యి వెలిగించేది కాదు.

వీళ్ళ నడక పాస్టరు కంట కూడా పడింది. కొత్తగా వచ్చిన మనిషి, మెత్తని మనిషి. టీ బడ్డీ దగ్గర గుంపుని పలకరించి, "ఆదివారం మా చర్చికి రండి, బండ్లతోనే రండి," అన్నాడు.

ఈ మాట సంఘపెద్దకు గిట్టలేదు. ఆయన ఇస్త్రీ చొక్కా మీద ముడత పడటం ఎవరూ చూడలేదు. నర్సమ్మ తల్లి పోయిన రోజున, తమ్ముడి దగ్గర వాసన వస్తోందని శవపెట్టె పక్కనించి లేపి బయటికి పంపింది ఆయనే. వాడు ఆ రోజు నుంచీ చర్చి ఉన్న వీధిలోకే రాలేదు. ఇన్నేళ్ళకు, ఆ ఆదివారం తలంటుకుని, నలభై గుండీలున్నట్టు ఒక్క చొక్కాకే అరగంట తడబడి, గుంపుతో పాటు బయల్దేరాడు.

సంఘపెద్ద గేటుకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఇది ప్రార్థన చేసుకునే చోటు. బండ్ల షెడ్డు కాదు."

"అయ్యగారు రమ్మన్నారండీ," అంది పార్సిల్ అక్క.

"ఆయన నిన్న వచ్చాడు. నేను ముప్ఫయ్యేళ్ళుగా ఉన్నాను. ఈ పచ్చబొట్లు, ఈ జాకెట్లు చూస్తే పిల్లలు జడుసుకుంటారు." తమ్ముడి వైపు చూసి, "నువ్వా? ఇవాళైనా ముట్టుకోకుండా వచ్చావా?" అన్నాడు.

వాడు వెనక్కి తిరిగాడు. బండెక్కి తన్ని వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు మాత్రం, లోపల పాట మొదలైందని, ఇంజన్లు స్టార్టు చేయకుండా బండ్లు తోసుకుంటూ వెనుదిరిగారు. కిటికీలోంచి అది చూసేసరికి నర్సమ్మకు ఒళ్ళు మండిపోయింది. గెంటించుకుని కూడా లోపలి ఆరాధనకు ఇబ్బంది కాకూడదని చూసుకుంటున్నారు ఆ మనుషులు.

అప్పటికే వెనక బెంచీ సాగడం మొదలుపెట్టింది. తలుపు దాకా వచ్చి రెక్కను నెడుతోంది. సంఘపెద్ద లోపలికొచ్చి, గాలికి కొట్టుకుంటున్న తలుపు వేసినట్టు గొళ్ళెం పెట్టి, ముందు బెంచీలో కూర్చున్నాడు. బెంచీ తలుపుకు ఆని కిర్రుకిర్రుమంటోంది. జనం ఆ చప్పుడు వినబడకుండా గొంతు పెంచి పాడుతున్నారు.

నర్సమ్మ లేచి నిలబడింది. పాట దానంతటదే ఆగిపోయింది.

"పెద్దాయనా, మా తమ్ముడి తాగుడు మీ ప్రసంగాలకు ఆగలేదు. నా ఏడుపుకీ ఆగలేదు. వాళ్ళు పక్కన నడిచారు, ఆగింది. వాళ్ళను గేటు దగ్గర నిలబెట్టి పంపడానికి ఇది మీ ఇల్లా? మా అమ్మ పెట్టె దగ్గర్నుంచి వాణ్ణి లేపారు. ఇవాళ గుమ్మం కూడా ఎక్కనివ్వలేదు. ఇంక వాడు ఎక్కడికి పోవాలో అదీ మీరే చెప్పండి."

సంఘపెద్ద పాటల పుస్తకంలోంచి తల ఎత్తలేదు. నర్సమ్మ వెళ్ళి గొళ్ళెం తీసింది. బెంచీ మెట్లు దిగి, గేటు తోసుకుని, వీధిలోకి సాగింది. పాల వ్యాను డ్రైవరు హారను కొట్టి, కదలదని తెలిసి, "ఆదివారం ఈ దారిన రానే కూడదు," అని గొణుక్కుంటూ ఇంజను ఆపేశాడు.

పాస్టరు పుస్తకం మూసి, బయటికి నడిచి, వీధిలో బెంచీ మీద కూర్చున్నాడు. పాటలు పాడే ఆడపిల్లలు వెళ్ళి కూర్చున్నారు. ముసలమ్మలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని మెట్లు దిగారు. బండ్లు తోసుకుపోతున్నవాళ్ళు స్టాండు వేసి, హెల్మెట్లు ఒళ్ళో పెట్టుకుని వాళ్ళ పక్కన కూర్చున్నారు. లోపల సంఘపెద్ద ఒక్కడే మిగిలాడు. ఆయన్ని ఎవరూ పిలవలేదు, ఒక్క మాటా అనలేదు. పాట కూడా ఎవరూ ఎత్తుకోలేదు.

నర్సమ్మ బెంచీ వెంట చివరిదాకా నడిచింది. అది మలుపు తిరిగి, మందుల షాపు దాటి, ఇంకా షట్టరు తెరవని సారా కొట్టు ముందు ఆగింది. తమ్ముడు అక్కడ బండి ఆపి, షట్టరు కేసి చూస్తూ నిలబడి ఉన్నాడు. బెంచీ వెనకనించి వచ్చి మోకాళ్ళకు తగిలితే కూర్చుండిపోయాడు. చేతులు వణుకుతున్నాయి. నర్సమ్మ వాడి ముందు నిలబడింది. అంతలో కొట్టువాడు వచ్చి షట్టరు లేపాడు. తమ్ముడు తలెత్తి చూశాడు గానీ లేవలేదు.

చివరికి సంఘపెద్ద బయటికి వచ్చాడు. ఎప్పుడూ చోటు చేసే బెంచీలో ఆయన కోసం ఎక్కడా జానెడు ఖాళీ లేదు. ఒక్కొక్కరినీ దాటుకుంటూ మలుపు తిరిగి చివరిదాకా వచ్చేసరికి, తమ్ముడి పక్కన మాత్రం మనిషి పట్టేంత చోటుంది.

"కాస్త జరుగు," అన్నాడు మెల్లగా.

తమ్ముడు జరిగాడు. జేబులోంచి తాళం తీసి ఆయన చేతిలో పెట్టాడు. "నేను తాగలేదు. కానీ ఈ చేతులతో నడపలేను."

పెద్దాయన తాళం వైపు చూశాడు, కొట్టు వైపు చూశాడు. లేచి, చొక్కా చేతులు మడిచి, బండి స్టాండు తీశాడు. ఆ వయసులో, ఆ ఎండలో, చర్చి వైపు తోయడం మొదలుపెట్టాడు. తమ్ముడు పక్కన నడిచాడు. వెనక ఎవరో పాట ఎత్తుకున్నారు.

ఎత్తు దగ్గర ఆయన ఆయాసపడి ఆగాడు. "ఒక చెయ్యి వెయ్యమ్మా," అన్నాడు నర్సమ్మతో.

ఆమెకు కోపం ఇంకా అలాగే ఉంది.

"తోయండి పెద్దాయనా," అంది. "పక్కనే నడుస్తున్నాంగా."