ఎఫీ గాలం పాఠాలు

డెబ్భై నాలుగేళ్ళ ఎఫీకి నాలుక చచ్చిపోయింది. జబ్బు కన్నా మందులే ఆ పని చేశాయి. ఏం పెట్టినా రేకుడబ్బా నాకినట్టుందని పళ్ళెం పక్కకి నెట్టేసేది. సోమవారం నాటికి తిండి మొదలెట్టకపోతే ముక్కులోంచి గొట్టం వెయ్యాల్సిందేనని డాక్టరమ్మ ఖరాకండిగా చెప్పింది. గొట్టంతో బతికే బతుకు తనకొద్దని ఎఫీ అంతకన్నా ఖరాకండిగా చెప్పింది. అక్కకి తోడుగా వచ్చి ఉంటున్న చెల్లెలు రోనా హడలిపోయింది. అక్క మొండితనం ఆవిడకి తెలియంది కాదు.

"పోనీ ఏదైతే గొంతు దిగుతుందో చెప్పవే అక్కా, అదే చేసి పెడతాను."

"మటౌరా నది ట్రౌట్ చేప అయితే దిగుతుందేమో. వెన్నలో వేయించి."

కోరక కోరక కోరిందండీ కోరిక! ఏ కొట్టుకెళ్ళినా గొర్రె మాంసం దొరుకుతుంది, సముద్రపు చేప దొరుకుతుంది. ట్రౌట్ మాత్రం న్యూజిలాండ్ మొత్తం గాలించినా ఏ కొట్లోనూ ఉండదు. అమ్మినా నేరమే, కొన్నా నేరమే. ఎవరి చేప వాళ్ళు పట్టుకోవాలి, లేదంటే పట్టినవాళ్ళు ఊరికే ఇవ్వాలి. అలా ఇవ్వగలిగినవాడు పక్కింటి ఆర్చీ మెక్కాలం. పదకొండేళ్ళ కిందట ఎఫీ గాలం వేస్తున్న మడుగులోకి చెప్పాపెట్టకుండా దిగి, ఆవిడ నెల్లాళ్ళుగా కన్నేసిన చేపని ఎగరేసుకుపోయాడు. అప్పట్నుంచీ మాటల్లేవు. అతని చెయ్యి తగిలిన చేప తన గడప దాటడానికి వీల్లేదని ఎఫీ ఒట్టు పెట్టుకుంది.

ఇక మిగిలింది రోనాయే. నలభయ్యేళ్ళు ఊళ్ళో ఆడవాళ్ళ జుట్టు కత్తిరించిన మనిషి. చేతిలో కత్తెర ఎంత ఆడేదో నోట్లో నాలుక అంతకు రెట్టింపు ఆడేది. గాలం సంగతి ఆవిడకేం తెలుసు, పాపం! అయినా లైసెన్సు తీసుకుని, అక్క గాలం భుజాన వేసుకుని గురువారం మధ్యాహ్నం నదికి బయల్దేరింది. మడతకుర్చీలో దుప్పటి కప్పుకుని ఎఫీ గట్టు మీద కూర్చుంది.

"ఆగాగు! ఎక్కడికే ఆ పరుగు? ముందు పది నిమిషాలు నోరు మూసుకుని నీళ్ళు చూడు."

"పది నిమిషాలా! అంతసేపు ఏముంటుందే చూడ్డానికి?"

"చేప ఎక్కడుందో కనబడుతుంది. అది ప్రవాహానికి ఎదురు మొహం పెట్టి నిలబడుతుంది. నువ్వు వెనకనుంచి వెళ్ళాలి, వంగి వెళ్ళాలి. నీ నీడ నీళ్ళ మీద పడిందా, ఇక ఇంటికి పోవడమే."

ఈకలతో కట్టిన బొమ్మ ఈగని చేపకి రెండు బారల ముందు మెత్తగా వదలాలి. రోనా మొదటిసారి విసిరితే అది విల్లో చెట్టుకి తగులుకుంది. రెండోసారి తన టోపీకే తగులుకుంది. మూడోసారి ఎఫీ దుప్పటికి.

"చెట్టుని పట్టావు, టోపీని పట్టావు, నన్నూ పట్టావు. నదిలో ఉన్నదాన్ని ఎప్పుడు పడతావే?" అంది ఎఫీ. చాలా రోజుల తరవాత నవ్వింది.

శుక్రవారానికి ఈగ నీళ్ళ మీద పడటం మొదలెట్టింది. చేపలూ వచ్చాయి. అసలు తంటా అక్కడే. చేప ఇలా నోరు తెరిచిందో లేదో రోనా అలా గాలం లాగేసేది.

"లాగకే! దాన్ని నోరు ముయ్యనీ! 'దేవుడు రాణీగారిని చల్లగా చూడాలి' అని నింపాదిగా అనుకో, అప్పుడెత్తు. నాన్న నాకలాగే నేర్పాడు."

"రాణీగారు పోయి రాజుగారొచ్చారుగా?"

"ఆ కబురు చేపలకింకా అందలేదులే. నువ్వను!"

రోనా అనేది. సగం అనేసరికే చెయ్యి దానంతటది ఎగిరిపోయేది. శుక్రవారం రెండు చేపలు పోయాయి, శనివారం మూడు. ఆ రెండు రోజుల్లో ఎఫీ గొంతు దిగింది అరకప్పు సూపు.

ఆదివారం ఎఫీ మంచం దిగలేకపోయింది. రోనా ఒక్కతే వెళ్ళింది. విల్లో కొమ్మ కింద పెద్ద చేప పైకి తేలి, ఈగని నోట పెట్టింది. దేవుడు రాణీగారిని, అనుకుంటుండగానే అక్క ముక్కులో గొట్టం కళ్ళ ముందు మెదిలింది. చెయ్యి ఎగిరిపోయింది. రోనా అక్కడే గులకరాళ్ళ మీద చతికిలబడి భోరున ఏడ్చింది. ఒక్క మాట, ఒక్క మాట పూర్తిగా అనుకోలేకపోయింది!

"చూశాను," అంటూ వంతెన మీదనుంచి ఆర్చీ దిగి వచ్చాడు. సంచిలోంచి శుభ్రం చేసిన చేప ఒకటి తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. "నువ్వే పట్టానని చెప్పు. నా పేరెత్తావో, కిటికీలోంచి విసిరికొడుతుంది."

"అక్కతో అబద్ధం ఆడమంటావా?"

"అక్క తినాలా, వద్దా?"

రోనా చేప పుచ్చుకుంది.

ఇంట్లో ఎఫీ తలగడకి ఆనుకుని కూర్చుంది. చేపని చూడగానే కళ్ళు పెద్దవయ్యాయి.

"పట్టావా?"

"ఆఁ."

"కడుపు కోసినప్పుడు లోపలేముంది? ఏం తిందది?"

చేప పట్టినవాళ్ళెవరైనా మొట్టమొదట చూసేది అదే. ఆ సంగతి రోనాకి ఎవరూ చెప్పలేదు. "ఏవో పురుగులు," అంది. "నదిలోనే కడిగేశాలే."

ఎఫీ చాలాసేపు చెల్లెలి మొహంలోకి చూసింది. "వెన్న కాస్త ఎక్కువ వెయ్యి," అంది.

మొదటి ముక్క నోట్లో పెట్టుకుని కదలకుండా ఉండిపోయింది. ఎఫీ మింగింది. రెండోది తీసుకుంది. ఒక పక్క అయిపోయాక చేపని తిరగేసి రెండో పక్కా తింది. రోనా వెనక్కి తిరిగి, తోమిన పెనాన్నే మళ్ళీ తోముతోంది.

"రేపు ఆర్చీకి కాసిని స్కోన్ రొట్టెలు చేసి ఇచ్చిరా," అంది ఎఫీ.

పెనం చేతిలోంచి జారింది. "పురుగులన్నందుకు తెలిసిపోయిందా?"

"అది తరవాత. నువ్వు గుమ్మంలోకి వచ్చినప్పుడే తెలిసింది. నువ్వే పట్టుంటే వీధి మొదట్నుంచీ అరుచుకుంటూ వచ్చేదానివి."

"తెలిసీ ఎందుకు తిన్నావే అక్కా?"

"పుట్టాక మొదటిసారి నోరు మూసుకున్నావు, అదీ నాకోసం. అంత కష్టం నువ్వు పడితే, నేనొక చేప తినలేనా?"

రోనా అక్క ఒళ్ళో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఎఫీ ఆ తల నిమిరింది. "సరేలే, ఏడుపు తరవాత," అంది. "నీకని ఉడకేసుకున్న ఆ బంగాళదుంప కూడా ఇలా పెట్టు."