తువ్వాలు ముందు, నెత్తురు తర్వాత

నేను ఒక తెలుగు టైపు మిషన్‌ని. నన్ను బిగించిన కార్మికుడికి తెలుగు రాదు. అందుకే నా 'క్ష' కాస్త పక్కకు ఒరిగి ఉండేది. మొదట ఒక తహసీల్దారు ఆఫీసులో నోటీసులు కొట్టాను. తర్వాత వేలంలో శేషారత్నం చేతికొచ్చాను. తాలూకా కోర్టు ఎదుట రేకుల పందిరి కింద ఆమె అర్జీలు టైపు చేసేది. తీరిక దొరికితే కథలు.

ఆ ఏడు నాపరాళ్ల గనిలో ఓబులేసు అనే కూలీ తల పగిలి చచ్చాడు. రాయి జారిందన్నారు. గని యజమాని వీరభద్రప్ప గడ్డపారతో కొట్టాడని ఊరందరికీ తెలుసు. రత్నం పేర్లు మార్చి దాన్ని కథగా రాసింది. మొదటి పేజీలో యజమాని తువ్వాలుతో చేతులు తుడుచుకుంటాడు. రెండో పేజీలో మళ్లీ తుడుచుకుంటాడు. ఆ చేతులకు ఏమీ అంటి ఉండదు.

పక్క మిషన్ మీద పనిచేసే బాషాకు అది చదివేసరికి చెమటలు పట్టాయి. "ఇంగా ఎవుర్నీ సంపనే ల్యా గదక్కా! నాకెందుకు గుండె కొట్టుకుంటాంది?"

"సంపుతాడని సెప్పేస్తే భయం అంతటితో అయిపాయ బాషా. తువ్వాలు సూపిచ్చి ఊరుకుంటే, నెత్తుర్ని సదివేటోడే ఎతుక్కుంటాడు."

కథ వారపత్రికలో వచ్చింది. సస్పెన్సు బాగుందని పాఠకులు ఉత్తరాలు రాశారు. మనుషులు చిత్రమైనవాళ్లు, పక్క వీధి చావైనా సరే, కథలో చదివితేనే వాళ్లకు ఒళ్లు జలదరిస్తుంది. ఓబులేసు పెళ్లాం ఉరుకుందమ్మ మాత్రం ఎవరిచేతనో చదివించుకుని నేరుగా పందిరికి వచ్చింది.

"కండ్లారా సూసినా. నా మాట గూడా రాయక్కా."

ఆ కబురు గనిదాకా పోయింది. సోమవారం ఒకడొచ్చి రత్నం ఏ దారిన ఇంటికి పోతుందో అడిగి వెళ్లాడు. మంగళవారం ఎదుటి టీకొట్టు తెరవలేదు. "పాదాం పా అక్కా" అన్నాడు బాషా. అలాంటి గుర్తులు ఆమెకు తెలియనివి కావు. కానీ ఉరుకుందమ్మ చెప్పి వెళ్లిన వాంగ్మూలం టైపు చేయడం ఇంకా సగమే అయింది. రత్నం కూర్చునే ఉంది.

మిట్టమధ్యాహ్నం నలుగురు వచ్చారు, వెనక వీరభద్రప్ప. మొదటి గడ్డపార దెబ్బకు నా అక్షరాల కడ్డీలు ఎగిరిపోయాయి. రెండో దెబ్బ వీరభద్రప్పే వేశాడు. అది నా మీద ఉన్న ఆమె కుడిచేతి మీద పడింది. ఎముకలు విరిగిన చప్పుడు, నా ఇనుము విరిగిన చప్పుడు వేరువేరుగా వినబడలేదు. నెత్తురు నా రిబ్బను చక్రాల్లోకి దిగింది. బాషా కుర్చీ ఎత్తి ఒకడి నెత్తి పగలగొట్టాడు. కోర్టు జవాన్లు వచ్చేదాకా వాళ్లు అతన్ని తొక్కుతూనే ఉన్నారు.

ఏడాది తర్వాత నన్ను సాక్ష్యంగా కోర్టు బల్ల మీద పెట్టారు. అవతలి వకీలు నవ్వుతూ అడిగాడు: "మీరు కథలు అల్లుతారంట గదమ్మా. ఇదీ అట్లాంటిదేనా?"

రత్నం వంకరపోయిన చెయ్యి ఎత్తింది. "కథలో అయితే ఎవురో ఆఖరిదాకా సెప్పను సార్. ఇది కథ కాదు. ఆయప్పే. వీరభద్రప్ప."

మరునాడు ఉరుకుందమ్మ కూడా బోనెక్కి, ఓబులేసును చంపిందెవరంటే అదే పేరు చెప్పింది. వీరభద్రప్పకు శిక్ష పడింది.

నేనిప్పుడు నంబరు చీటీతో, సాక్ష్యపు వస్తువులు దాచే కోర్టు మాల్‌ఖానాలో ఉన్నాను. కిటికీలోంచి పగలంతా బాషా మిషన్ చప్పుడు వినిపిస్తుంది. రత్నం చెబుతుంది, అతను కొడతాడు.